దొరకని కెమెరా

2024 ఆగస్టు 29వ తేదీ రాత్రి కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థినులు వసతి గృహం విడిచి ఆరుబయటికి వచ్చి తెల్లవారేదాకా నిరసన తెలిపారు. తమ స్నానాల గదులలో ఎవరో రహస్యంగా కెమెరా అమర్చారనీ, చిత్రాలు చేతులు మారుతున్నాయనీ వారి ఆరోపణ. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. పోలీసులు గదులు గాలించారు, ఫోన్లూ లాప్‌టాప్‌లూ పరీక్షించారు, రహస్య కెమెరాలేవీ దొరకలేదని ప్రకటించారు. పత్రికలు కొన్నాళ్ళు రాశాయి, తరువాత వేరే వార్తలు వచ్చాయి.

పోలీసుల ప్రకటనను శంకించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు, అందుకు నా దగ్గర ఆధారమూ లేదు. కెమెరా దొరకలేదన్నది నిజమే కావచ్చు. నన్ను ఆలోచింపజేసింది ఆ తరువాత ఎక్కడ చూసినా వినబడిన మాట: "ఏమీ లేదట, ఊరికే భయపడ్డారు." కెమెరా లేదు కనుక జరిగినదేమీ లేదు అన్న ఈ తర్కం చూడడానికి చాలా సహజంగా కనిపిస్తుంది. కానీ దీనికి మన న్యాయచరిత్రలో ఒక పాత వేరు ఉంది. ఆ వేరును పట్టుకుని పెకలించబోయినవాడు రాజమండ్రిలో పుట్టిన ఒక తెలుగువాడు. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందుగా ఒక మాట గురించి. ఆంగ్లంలో ప్రైవసీ అనే దానికి మనం "గోప్యత" అని రాస్తున్నాం. నాకు ఈ మాట అంత తృప్తికరంగా తోచదు. గోప్యతలో దాచడం ఉంది, దాచేవాడి దగ్గర ఏదో రహస్యం ఉందన్న ధ్వని ఉంది. స్నానం చేసే మనిషి దగ్గర రహస్యమేమీ లేదు. అందరికీ తెలిసిన పనే, అందరూ చేసే పనే. ఆ పనికి కావలసింది "మరుగు". మన జనం ఆ మాటను ఎంత సరిగా వాడారో చూడండి: మరుగుదొడ్డి. ఏ పండితుడూ కూర్చోబెట్టి తయారుచేసిన మాట కాదది. దొడ్డికి ముందు మరుగు కావాలని వాళ్ళకు తెలుసు.

చట్టానికి ఆ సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది. మెకాలే పేరు చెప్పి మనం తిట్టుకునే 1860 నాటి శిక్షాస్మృతిలో, విచిత్రంగా, ఈ మాట ఉంది. 509వ సెక్షను స్త్రీ మర్యాదను అవమానించే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడడాన్ని నేరంగా చెప్పింది. తొంభై ఏళ్ళ తరువాత వచ్చిన మన రాజ్యాంగంలో మాత్రం ఆ మాట ఎక్కడా కనబడదు. ఇక సివిలు వ్యాజ్యాల సంగతి మరీ తమాషా. పొరుగువాడు కొత్త ఇల్లు కట్టి మన ఆడవాళ్ళు తిరిగే పెరడు కనబడేటట్టు వసారా వేస్తే, కిటికీ పెడితే ఏం చెయ్యాలి? అలహాబాదు హైకోర్టు 1888లో గోకల్ ప్రసాద్ కేసులో, ఆ ప్రాంతపు ఆచారం ప్రకారం ఏకాంతానికి హక్కు ఉందని ఒప్పుకుంది. మద్రాసు హైకోర్టు మాత్రం అటువంటి హక్కేమీ లేదనే వైఖరి పట్టింది. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఉన్నవాళ్ళకు మిగిలిన ఉపాయం తమ గోడ ఎత్తు పెంచుకోవడమే! ఒకే దొరతనం కింద, గంగ ఒడ్డున ఒక న్యాయం, గోదావరి ఒడ్డున మరొక న్యాయం.

అదే కాలంలో సముద్రాలకు అవతల కెమెరా చిన్నదవుతోంది. 1886లో స్టర్న్ అనే వ్యాపారి కోటు లోపల మెడకు తగిలించుకునే గుండ్రటి కెమెరాకు పేటెంటు తీసుకున్నాడు. గుండీ సందులోంచి కటకం బయటికి చూస్తుంది. 1890లలో నార్వే రాజధానిలో కార్ల్ స్టోర్మర్ అనే విద్యార్థి అటువంటిదొకటి కొన్నాడు. తనకు పరిచయం లేని ఒక యువతి మీద మనసుపడి, ఆమె బొమ్మ కావాలనే కోరికతో మొదలుపెట్టాడని చెబుతారు. నడివీథిలో ఎదురైనవారికి వినయంగా టోపీ ఎత్తి నమస్కరించడం, వారు బదులు చిరునవ్వు నవ్వేలోగా జేబులో తీగ లాగడం. తరువాత ఆయన గొప్ప గణితవేత్త అయ్యాడు, ఉత్తరధ్రువ కాంతుల మీద పేరెన్నికగన్న పరిశోధన చేశాడు. ఆ వీథి బొమ్మలను నేడు ప్రపంచమంతా ముచ్చటపడి చూస్తోంది. నిజానికి అవి చాలా అందంగా ఉంటాయి. ఆ అందం నన్నూ ఆకట్టుకుంది. కానీ, ఆ బొమ్మలలోని స్త్రీలలో ఒక్కరినైనా ఎవరైనా అడిగారా? వీథి కనుక పోనీలే అనుకుందాం. వీథికీ గదికీ మధ్య ఉన్న గీత ఎవరు గీయాలన్నదే ఆనాటి ప్రశ్న. 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు, క్షణంలో తీసే ఛాయాచిత్రాలూ ఆ బొమ్మల కోసం ఎగబడే పత్రికలూ మనిషి ఇంటిలోపలికి చొరబడుతున్నాయని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఈ విషయం మీద రాసేవారంతా అక్కడే మొదలుపెడతారు.

నాకైతే అంతకు తొమ్మిదేళ్ళ ముందటి మిషిగన్ తీర్పు ఇంకా దగ్గరగా తోస్తుంది. ఒక తుఫాను రాత్రి ఒక వైద్యుడు ప్రసవం చేయించడానికి వెళుతూ, లాంతరూ గొడుగూ మోయడానికి ఒక పెళ్ళికాని కుర్రవాణ్ణి వెంట తీసుకువెళ్ళాడు. అతడు వైద్యం తెలిసిన సహాయకుడనుకుని ఇంటివారు లోపలికి రానిచ్చారు. తరువాత నిజం తెలిసి దావా వేశారు. రానిచ్చింది మీరే కదా అని వైద్యుడి వాదన. 1881లో మిషిగన్ సుప్రీం కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది: ఆ సమయంలో తన గది తనదిగా ఉండే హక్కు ఆ స్త్రీది, మోసపోయి ఇచ్చిన అనుమతి అనుమతి కాదు, అవమానం తరువాత తెలిసినా అవమానమే. ఆ కుర్రవాడు బొమ్మ తీయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఆ గదిలో ఉండడమే తప్పయింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఖడక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో ఒక దోపిడీ కేసులో అరెస్టు చేసి, సాక్ష్యం లేక వదిలిపెట్టారు. కేసు పోయింది గాని అతని పేరున పోలీసులు తెరిచిన హిస్టరీ షీటు పోలేదు. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది, అటువంటివారి మీద ఏమేమి చెయ్యవచ్చునో వరుసగా చెబుతుంది: ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం, రాత్రివేళ ఇంటికి వెళ్ళి చూడడం, అలవాట్లూ రాకపోకలూ స్నేహాలూ ఆరా తీయడం, ఊరు దాటితే వెంబడించి సమాచారం పంపడం. కానిస్టేబుళ్ళూ చౌకీదార్లూ రాత్రిపూట వచ్చి తలుపులు బాది, అరిచి, తనను నిద్రలేపుతున్నారని అతడు సుప్రీం కోర్టుకు మొరపెట్టుకున్నాడు. అది ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం. తీర్పు 1962 డిసెంబరు 18న వచ్చింది.

నలుగురు న్యాయమూర్తుల మెజారిటీ తీర్పు రాత్రివేళ ఇంట్లోకి రావడాన్ని కొట్టివేసింది. మనిషి ఇల్లు అతని కోట అన్న ఇంగ్లీషు సామెత అక్కడ పనికొచ్చింది. తక్కినవన్నీ నిలిపివేసింది, అంటే చెల్లుతాయంది. కారణం? కాపు కాసినంత మాత్రాన మనిషి కాళ్ళకు బంధం పడదు, అతడు ఎక్కడికి వెళ్ళదలచుకుంటే అక్కడికి వెళ్ళవచ్చు. రాజ్యాంగంలో ఏకాంతపు హక్కు లేదు. ప్రత్యక్షంగా, తడిమి చూడగలిగినట్టుగా ఉన్న ఆటంకమే హక్కుకు భంగం. వట్టి మానసిక సున్నితత్వాన్ని కాపాడడం రాజ్యాంగకర్తల ఉద్దేశం కాదు. పాఠకులు ఈ ఆఖరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా మనవి. "ఊరికే భయపడ్డారు" అన్నదానికి న్యాయశాస్త్ర భాషలో రాసిన రూపం అదే.

కోకా సుబ్బారావు ఈ తీర్పుతో ఏకీభవించలేదు. 1902లో రాజమండ్రిలో పుట్టి, అక్కడే చదువుకుని, మద్రాసులో న్యాయవాదిగా పెరిగి, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి అయినవాడు. 1958 నుంచి సుప్రీం కోర్టులో ఉన్నాడు. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి కావడం, గోలక్‌నాథ్ తీర్పు, 1967లో పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోవడం అందరికీ తెలిసినవి. ఆయన గొప్పతనమంతా గోలక్‌నాథ్‌లోనే ఉన్నట్టు మనవాళ్ళు రాస్తారు. ఆస్తి హక్కు విషయంలో ఆయనతో వాదించదలచినవారు వాదించవచ్చు. నా దృష్టిలో ఆయన రాసినవాటిలో కలకాలం నిలిచేది ఈ ఖడక్ సింగ్ భిన్నాభిప్రాయ తీర్పు. జస్టిస్ జె. సి. షా ఒక్కరు ఆయనతో కలిశారు.

సుబ్బారావు వాదన సారాంశం ఇది. స్వేచ్ఛగా తిరగడం అంటే ఒక చోటునుంచి మరొక చోటికి శరీరాన్ని చేర్చడం మాత్రమే కాదు. పోలీసుకళ్ళు వెంటాడుతుండగా చేసే ప్రయాణం స్వేచ్ఛాప్రయాణం కాదు. అటువంటివాడికి దేశమంతా ఒక జైలే. తన మీద నిఘా ఉందని తెలిసిన మనిషి నడవడు, నడిపించబడతాడు. మాటాడడు, ఆచితూచి మాటలు పేర్చుకుంటాడు. విజ్ఞానశాస్త్రం పెరిగేకొద్దీ మనసుకు వేసే సంకెళ్ళు శరీరానికి వేసే సంకెళ్ళకంటే బలంగా పనిచేయగలవు. కనుక ఏకాంతపు హక్కు అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా అది వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగం, 236వ నిబంధన మొత్తం చెల్లదు.

ఈ వాదనలో నాకు బాగా ముఖ్యంగా కనిపించేది, నిఘా చేసినవాడికి ఏం దొరికింది అన్న ప్రశ్నను ఆయన అసలు వేయకపోవడం. చౌకీదారు పుస్తకంలో ఏమి రాసుకున్నాడు, ఠాణాకు ఏ కబురు పంపాడు, దానివల్ల ఖడక్ సింగ్‌కు ఏ నష్టం జరిగింది అని ఆయన లెక్కలు అడగలేదు. ఆ నీడ కింద బతికే మనిషి ఎలా కుంచించుకుపోతాడో చూశాడు. ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: ఖడక్ సింగ్ మీద నిఘా నిజంగానే ఉంది కదా, వసతి గృహంలో కెమెరా అసలు లేకపోవచ్చు కదా, రెండూ ఒకటెలా అవుతాయని. ఒకటి కావు. శిక్ష వేయాలంటే కెమెరా పెట్టినవాడు ఉండాలి, అందులో సందేహం లేదు. ఊహించుకున్న కెమెరాకు ఎవరినీ జైలుకు పంపలేం, పంపకూడదు కూడా. ఒక కుర్రవాడి పేరు నలుగురి నోటా నానితే అతని బతుకూ పాడవుతుంది. కానీ శిక్ష వేరు, ఆ గదిని మళ్ళీ గదిగా చేయడం వేరు. స్నానాల గదిలో గీజరు వైపూ కిటికీ వైపూ అనుమానంగా చూస్తూ, దుస్తులతోనే తలమీద నీళ్ళు పోసుకునే అమ్మాయికి "దొరకలేదు" అన్న ఒక్క ప్రకటనతో ఆ మరుగు తిరిగి రాదు. ఎవరు వెతికారు, ఏ గదులు వెతికారు, వెతుకుతుండగా విద్యార్థినుల తరఫున ఎవరైనా ఉన్నారా, మళ్ళీ ఎప్పుడు వెతుకుతారు అనేవి చెబితే కొంత వస్తుంది.

సుబ్బారావు రాసిన రెండేళ్ళకు, 1964లో, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ సుప్రీం కోర్టు ముందుకు సరిగ్గా ఈ చిక్కే అద్దె ఇంటి రూపంలో వచ్చింది. ఒక దంపతుల పడకగదిలో ఇంటి యజమాని మాటలు వినే యంత్రం అమర్చి, తన ఇంటిదాకా తీగలు లాగాడని ఆరోపణ. యజమాని తరఫు వాదన చాలా తెలివైనది: నేను విన్నానని గాని, ఎవరైనా విన్నారని గాని ఫిర్యాదులో లేదు కదా? కోర్టు దానిని ఒప్పుకోలేదు. పడకగదిలో అటువంటి యంత్రం ఉండడమే చొరబాటు, విన్నట్టు రుజువు చేయనక్కరలేదు అంది. 1983లో మిషిగన్ అప్పీళ్ళ కోర్టు ఒక స్కేటింగు హాలులో స్త్రీల మరుగుదొడ్డి పైకప్పుకు అవతలినుంచి చూడవీలైన పలకలు బిగించిన కేసులోనూ ఇదే దారి పట్టింది. చూశారో లేదో తేలకపోయినా, బిగించడమే నేరుగా ఆ స్త్రీ ఏకాంతానికి భంగం అని.

మన కోర్టులు ఇంత సూటిగా రాలేదు, కానీ వచ్చాయి. అన్నట్టు, ఈ దారిలో తెలుగు న్యాయమూర్తులు మరి ఇద్దరు తగులుతారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి. ఎ. చౌదరి, ఇష్టంలేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వడం ఆమె శరీరం మీద ఆమెకున్న ఏకాంతపు హక్కుకు భంగమని హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షనునే కొట్టివేశారు. మరుసటి ఏడే సుప్రీం కోర్టు మరొక కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది, ఆ సెక్షను ఇంకా బతికే ఉంది. 1994లో సుప్రీం కోర్టులో జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి, ఒక ఖైదీ ఆత్మకథ ప్రచురణ కేసులో, మనిషిని తన మానాన తనను ఉండనిచ్చే హక్కు 21వ అధికరణంలో ఉందని రాశారు.

ఇంతలో ఫోనుకు కన్ను మొలిచింది. 2000లో జపానులో కెమెరా ఫోను అమ్మకానికి వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే స్నానాల గదులలో, రైళ్ళలో, బట్టల దుకాణాలలో దాని దుర్వినియోగం ఎంతగా పెరిగిందంటే, 2004లో దక్షిణ కొరియాలో బొమ్మ తీస్తే ఫోను చప్పుడు చేసి తీరాలని నియమం పెట్టారు. ఆ చప్పుడును అణచే ఉపాయాలూ వెంటనే వచ్చాయి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ 66ఇ సెక్షనును చేర్చింది. అది 2009 అక్టోబరులో అమలులోకి వచ్చింది: అనుమతి లేకుండా మనిషి మర్మావయవాల చిత్రం తీసినా, పంపినా, ప్రచురించినా మూడేళ్ళదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. దిల్లీలో 2012 డిసెంబరు ఘోరం తరువాత జస్టిస్ వర్మ సంఘం నివేదిక మీద 2013లో శిక్షాస్మృతిలోకి 354సి వచ్చింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడమే నేరమని అది చెప్పింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళు.

మంచి చట్టాలే. అయితే వాటి మాటలు గమనించండి: చూడడం, చిత్రం తీయడం, పంచడం. యంత్రాన్ని అమర్చి ఉంచడం దానికదే నేరమని వీటిలో ఎక్కడా లేదు. దానిని నేరప్రయత్నం కింద వాదించి నిలబెట్టుకోవలసిందే. న్యూ హాంప్‌షైర్ ఇంటి యజమాని అడిగిన ప్రశ్న ఇక్కడ ఇంకా అడగవచ్చు.

వెతకడం గురించి కొరియా అనుభవం ఒకటి చెప్పాలి. అక్కడ రహస్య చిత్రీకరణను "మొల్కా" అంటారు. 2017లో పోలీసుల దగ్గర ఇటువంటి కేసులు ఆరు వేలకు పైగా నమోదయ్యాయి. 2018లో సియోల్‌లో వేలాది స్త్రీలు వీథులలోకి వచ్చారు. నగరపాలకులు ఇరవై వేలకు పైగా ఉన్న ప్రజా మరుగుదొడ్లను రోజూ తనిఖీ చేయిస్తామన్నారు. అప్పటికే 2016 నుంచి తనిఖీ బృందాలు తిరుగుతున్నాయి. ఆ రెండేళ్ళలో వారికి ఒక్క కెమెరా కూడా దొరకలేదు! కెమెరా పెట్టినవాడు నిమిషాలలో తీసుకుపోతే తనిఖీకి ఏం దొరుకుతుంది? ఆరు వేల కేసులూ నిజమే, తనిఖీలో దొరకకపోవడమూ నిజమే. గుడ్లవల్లేరు గురించి ఇది ఏమీ రుజువు చేయదు. "దొరకలేదు" అన్న మాట ఎంతవరకు చెప్పగలదో మాత్రం కొలిచి చూపుతుంది.

2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా, ఏకాంతం ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఖడక్ సింగ్ తీర్పులో ఆ హక్కు లేదన్న భాగాన్ని రద్దుచేసి, సుబ్బారావు అభిప్రాయమే సరియైనదని అంగీకరించింది. యాభై నాలుగేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. ఆయన 1976లోనే పోయారు.

ఇక చివరగా, వసతి గృహం సంగతి. ఆడపిల్లల హాస్టలు మొదటినుంచీ కనిపెట్టి ఉండడం మీదే నిలబడిన సంస్థ. సాయంత్రం హాజరు, రాకపోకల పుస్తకం, చాలాచోట్ల ఉత్తరాలు వార్డెను విప్పి చూడడం. తల్లిదండ్రులు అందుకు నమ్మే పంపేవారు. కాబట్టి అక్కడ ఏ అలజడి రేగినా యాజమాన్యానికి తోచే మందు మరింత కనిపెట్టడమే: వరండాలో మరో నాలుగు కెమెరాలు, గేటు వేసే వేళ మరో గంట ముందు, ఫోన్లు లాక్కోవడం. 2025 జనవరిలో మేడ్చల్ దగ్గరి ఒక కళాశాల విద్యార్థినులు ఇటువంటి ఆరోపణతోనే రోడ్డెక్కారు. ఆ సమయంలో తల్లిదండ్రులు ఇంటికి వచ్చెయ్యమని పిల్లలను పిలుచుకోవడం మనం చూశాం. చాటుగా చూసినవాడెవడో తేలకముందే చదువుకునే పిల్ల మీద కట్టుబాటు బిగుస్తుంది.

ఈ విషయంలో కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరు 19న ఇచ్చిన తీర్పు మనవాళ్ళు అంతగా చదివినట్టు లేదు. కోజికోడ్ జిల్లాలో ఒక కళాశాల ఆడపిల్లల హాస్టలులో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్లు వాడకూడదని నియమం పెట్టారు. ఒక విద్యార్థిని ఒప్పుకోలేదు, హాస్టలునుంచి పంపించివేశారు. తల్లిదండ్రులకు ఇష్టమైనదే కదా, పిల్లల మంచికే కదా అని కళాశాల వాదన. పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థిని తన చదువు వేళా తన ఫోనూ తానే చూసుకోగలదనీ, ఇంటర్నెట్టు వాడుకునే హక్కు ఆమె విద్యాహక్కులోనూ ఏకాంతపు హక్కులోనూ భాగమనీ జస్టిస్ పి. వి. ఆశా తీర్పు చెప్పారు. ఆ తీర్పుకు ఆధారం పుట్టస్వామి, పుట్టస్వామికి ఆధారాలలో ఒకటి ఖడక్ సింగ్‌లో సుబ్బారావు రాసిన భిన్నాభిప్రాయం. ఆ అమ్మాయిని తిరిగి హాస్టలులో చేర్చుకోవలసిందని కోర్టు ఆదేశించింది.